పక్క మొక్కల ఎండ

భీమశంకరం మాస్టారు ఏ ప్రశ్నకూ గదిలో కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్ణి ఎండలోకి లాక్కెళ్లి, చేను చేతే చెప్పించేవారు. కొత్త గోధుమ వంగడాలు పుట్టించే ఆ పరిశోధన క్షేత్రంలో ఈ సంగతి తెలియనివాడు లేడు. అయినా శిష్యుడు దామోదర్ ఆ రోజు ఆగలేక గదిలోనే అడిగేశాడు.

"సార్, రకరకాల మొక్కలు కలిసి పెరిగే మడిలో ఏటా అన్నిటికంటే ఏపైన మొక్కనే ఏరాను. వెడల్పాటి ఆకు, జానెడు కంకి. దాని విత్తనమే చేనంతా వేస్తే పాత రకం కంటే తక్కువ పండిందేమిటి? అన్నీ మేటి మొక్కలే కదా!"

అడగడమైతే అడిగాడు గానీ అతని బెంగ వేరే ఉంది. వచ్చే రబీకి కొత్త విత్తనం ఇస్తామని చుట్టుపక్కల రైతులకు మాటిచ్చింది తనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

మాస్టారు కండువా తలకు చుట్టుకుని ఆ మడి దగ్గరికి నడిచారు. దామోదర్ ఏరిన మొక్క అక్కడ రాజాలా నిలబడి ఉంది.

"దాన్ని ముట్టుకోకు. పక్కవాటి కంకులు నలిపి చూడు" అన్నారు.

నలిపి ఊదితే అరచేతిలో గింజ మిగల్లేదు. ఇంకో కంకి నలిపాడు, అదీ తాలే. పెద్ద మొక్క ఆకులు వాటి మీద గొడుగులా వాలి ఉన్నాయి.

"ఆకు ఎండ తింటేనే గింజ పాలు పోసుకుంటుంది. ఇది పక్కవాటి ఎండ కూడా తిని బలిసింది. చేనంతా ఇవే అయితే ఇక ఎవరిది తింటాయయ్యా? ఒకదాన్నొకటి తిన్నాయి. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేదెవరు?"

దామోదర్‌కు మల్లీశ్వరి గుర్తొచ్చింది. తనతోపాటే ఉద్యోగంలో చేరిన మనిషి. పొట్టి కాడ, నిటారుగా నిలిచే సన్నాకు ఉన్న మొక్కల్ని ఏరేది. కింది ఆకు దాకా ఎండ దిగాలి, పక్కది కూడా బతకాలి అనేది. "ఇది గోధుమా, గరికా?" అని అందరిముందూ ఎగతాళి చేశాడు. చివరికి తన మొక్కలకు చోటు చాలడం లేదని ఆమె మడిని కూడా కలిపేసుకున్నాడు. ఆమె ఉద్యోగమే మానేసి వెళ్లిపోయింది. ఛీ, తలుచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"సార్, ఆమె విత్తనం గుప్పెడైనా దాచారా? రైతులకు అదే పెంచి ఇద్దాం. పేరు కూడా ఆమెదే పెడదాం."

మాస్టారు తలకు చుట్టుకున్న కండువా విప్పేశారు.

"గింజ పాలు పోసుకోకముందే దున్నించేశావు కదయ్యా. ఆ రోజు ఆమె నా వైపే చూసింది. నేను నీ కంకులు చూసి మురుస్తూ గట్టు మీదే నిలబడ్డాను."