మిట్టమధ్యాహ్నపు గృహప్రవేశం

కోదండపాణి గారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. లేచి చెప్పులు తొడుక్కుంటారు. జవాబు ఎక్కడుంటే అక్కడికి నడవాల్సిందేనని ఆయన పట్టు. మోకాళ్ల నొప్పులున్న శిష్యులకు ఈ గురువు అచ్చిరాడు.

ఆ ఏడు రోహిణి కార్తెలో మస్తాన్‌రావు వచ్చి కూర్చున్నాడు. మాచర్లలో ఎరువుల కొట్టు గుమస్తా. రేకుల ఇంట్లో అద్దెకుంటున్నాడు. నిరుడు వేసవిలో ఆ రేకుల కింద అతని చంటిపిల్లకు ఫిట్స్ వచ్చాయి, చావు తప్పి దక్కింది. ఈ ఎండల్లో మళ్లీ అలా జరక్కముందే అప్పు చేసైనా ఇల్లు కొనాలని అతని ఆత్రం.

"గురువుగారూ, ఎదురెదురుగా రెండు కొత్త ఇళ్లు చూశాం. ఒకటి చవక. రెండోది ధరెక్కువ. ఆ ధరెక్కువదానికే బ్యాంకువాళ్లు వడ్డీ తగ్గిస్తారంట. కరెంటు పొదుపు చేసే ఇల్లంట. కిస్తీ, కరెంటు బిల్లు కలిపి చూస్తే నెలకు అదే తక్కువ పడుద్దంట. ఎక్కువ పెట్టి కొంటే ఖర్చు తగ్గడమేందండీ? నా చెవిలో పువ్వు పెడతన్నారా?"

"ఇళ్లు ఎప్పుడు చూశావు?"

"పొద్దున ఆరింటికండీ. చవకదే తీసుకుందామనుకుంటన్నా. లోపల అడుగుపెడితే ప్రాణం లేచొచ్చింది."

గురువుగారు చెప్పుల కోసం వెతుక్కున్నారు. "రేపు మిట్టమధ్యాహ్నం మన ఆవును తోలుకొస్తాను. ముందు దాన్ని చూడనిద్దాం."

మస్తాన్‌రావు నోరు తెరిచాడు. పక్కనున్న శిష్యుణ్ని, నాకూ మతిపోయింది. కొత్తింట్లోకి ముందు ఆవును నడిపించడం ఆచారమే. కానీ అది ఇల్లు కొన్నాక, తెల్లవారుజాము ముహూర్తానికి చేసే పని. రోళ్లు పగిలే రోహిణిలో, కొనని ఇంట్లోకి, మధ్యాహ్నం ఆవేమిటి? అయినా ఆయన మాట కాదనలేక మేస్త్రీ దగ్గర తాళాలు అడిగి తెచ్చాం.

మర్నాడు ఆవు చవక ఇంటి గడప దాటింది. గది మధ్యకు వెళ్లి ముట్టె పైకెత్తింది, ఒక్కసారి బుసకొట్టి గిర్రున వెనక్కి తిరిగింది. పలుపు విడిపించుకుని పోయి ఎదురింటి వసారాలో పడుకుంది.

"నున్నటి బండలు కదండీ, కాలు జారుద్దని బెదిరింది" అని మస్తాన్‌రావు సర్ది చెప్పాడు. కొనకముందే ఆ ఇల్లు అతనిదైపోయింది, దాని పరువు నిలబెట్టాలి. తలుపులు మూసి, ఫ్యాను వేసి, మమ్మల్ని కూర్చోమన్నాడు. అతని భార్య కోటేశ్వరి చాప పరిచి పిల్లను పడుకోబెట్టింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. పైన పలచటి స్లాబు, ముందు నిలువెత్తు అద్దాలు. ఫ్యాను ఆ వేడినే తిప్పి మా నెత్తిన పోస్తోంది. కాసేపటికి ఏడుపు ఆగింది.

"చూశారా, హాయిగా నిద్రపోయింది" అన్నాడు మస్తాన్‌రావు సంబరంగా.

కోటేశ్వరి వంగి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఇది నిద్ర కాదయ్యా" అంది.

పిల్ల కనుగుడ్లు పైకి పోయి ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. మేమిద్దరం గురువుగారి వైపు చూశాం. ఆమె మాత్రం ఎవరినీ అడగలేదు. పిల్లను ఎత్తుకుని, ఆవు పోయిన దారినే పరుగెత్తింది.

ఎదురింట్లో రంగులు వేసేవాళ్లున్నారు, తలుపులు తీసే ఉన్నాయి. లోపల ఫ్యాను కూడా బిగించలేదు. మందపాటి గోడలు, డాబా మీద తెల్లటి చలువ పెంకులు, ఎండను ఆపే కిటికీ చూరులు, అంతే. ఆ చల్లదనానికే బ్యాంకు వడ్డీ తగ్గించిందన్నమాట. నేను ఆటో కోసం కేకలేశాను. అది వచ్చేలోగా కోటేశ్వరి పనివాళ్ల బిందెలో కొంగు ముంచి పిల్ల ఒళ్లంతా తుడుస్తూనే ఉంది. చివరికి పిల్ల చిన్నగా మూలిగి, గుక్కపట్టి ఏడ్చింది. అది విని నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

ఆటోలో తల్లీపిల్లలు ఎక్కారు. మస్తాన్‌రావు ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయాడు. గురువుగారు వసారాలో కూలబడి ఉన్నారు. పాఠం ఆవుతో సరిపోతుందనుకున్నారు, పిల్ల దాకా వస్తుందని ఆయనా అనుకోలేదు.

"పొద్దున బాగానే ఉంది కదండీ ఆ ఇల్లు" అన్నాడు మస్తాన్‌రావు.

గురువుగారు తలెత్తలేదు.

"పొద్దున చూస్తే అన్ని ఇళ్లూ చల్లనివే, నాయనా."