తవిటయ్య ఊదుగొట్టం

తవిటయ్యకి ఒకటే బాధ. తను ఒక్క పూటలో వదిలేసినదాన్ని ఈ లోకం ఎందుకు వదల్లేకపోతోంది?

అతను వదిలేసిన సంగతి మఠానికి వచ్చేవాళ్లందరికీ తెలుసు. తెలియనివాళ్లుంటే తవిటయ్యే పిలిచి కూర్చోబెట్టి చెప్పేవాడు. లారీ తోలే రోజుల్లో బీడీతో బీడీ ముట్టించేవాడట, అగ్గిపెట్టెతో పనే ఉండేది కాదట. అలాంటివాడు ఒక సాయంత్రం సముద్రపొడ్డున ఇసకదిబ్బ మీదున్న ఈ మఠానికి వచ్చి, మఠం పెద్ద గురుబాబు చూస్తుండగా బీడీకట్ట తీసి, అక్కడ ఎప్పుడూ మండుతుండే ధునిలో పడేశాడు. మళ్లీ బీడీ ముట్టలేదు, లారీ కూడా ఎక్కలేదు. ఆరకుండా ఆ ధుని చూసుకుంటూ, వచ్చినవాళ్లకి గంజి కాచి పోస్తూ ఇక్కడే ఉండిపోయాడు.

"మనసుండాల. అంతే," అనేవాడు కథ చివర. వినేవాళ్లలో మనసు లేనివాళ్లు తలొంచుకునేవారు.

ఆ మఠంలో అదొక ఆచారం. ఎవరు ఏ అలవాటు మానుకోదలిచినా దాన్ని తెచ్చి నలుగురి ఎదుటా ధునిలో వేయాలి. వేసినవాళ్లకి భజనలో ముందు వరస. వేసి మళ్లీ మొదలెట్టినవాళ్లు తలుపు దగ్గర కూర్చోవాలి. ఈ రెండో నియమం గురుబాబు పెట్టింది కాదు, తవిటయ్య పెట్టాడు. గురుబాబు ఔననలేదు, కాదనలేదు.

ఎర్రమ్మ రెండుసార్లు వేసింది. రెండుసార్లూ తలుపు దగ్గరికే వచ్చి కూర్చుంది.

ఎర్రమ్మది దిబ్బ కింద పల్లె. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి. ఆ తీరంలో చాలామంది ఆడవాళ్లలాగే ఆమెదీ అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, తడిచేతులతో మాటిమాటికీ వెలిగించుకునే తిప్పలుండదు. ఎర్రమ్మ తల్లీ అలాగే తాగింది, ఆ తల్లి తల్లీ అలాగే తాగింది. చూసేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది గానీ వాళ్లకి అదొక వింత కాదు.

ఆ నోటితోనే ఆమె తత్వాలు పాడేది. ఎర్రమ్మ గొంతెత్తితే గంజి తాగుతున్నవాళ్లు గ్లాసు కింద పెట్టేవారు. మఠంలో ఇత్తడి తాళాలు ఆమె చేతికి తప్ప ఇంకొకరి చేతికి కుదిరేవి కావు.

ఈమధ్య పాట మధ్యలో ఆగిపోతోంది. వేడి తగిలినా కారం తగిలినా ఆమెకి కళ్లనీళ్లొస్తున్నాయి. పట్నం ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ నోరు తెరిపించి లైటు వేసి చూసింది. అంగిలి మీద తెల్లమచ్చలున్నాయి. ఇప్పుడే పొగ ఆపితే గండం గడవొచ్చు, ఆపకపోతే రేపు అంగిలి కోయాల్సి రావచ్చని చెప్పింది. మరి పాడొచ్చా అని ఎర్రమ్మ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ సాయంత్రమే వచ్చి మూడోసారి చుట్టలకట్ట ధునిలో వేసింది. తవిటయ్య సంతోషం పట్టలేకపోయాడు. తనే తాళాలు తెచ్చి ఆమె చేతికిచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. అంతలోనే ఆమె దవడ ఆడటం కంటపడింది.

"ఏటప్పా, ఏటో నములుతున్నావు?" అన్నాడు. అక్క వరసలో ఆమెని అప్పా అనే పిలిచేవాడు.

"మందుబంకరా తమ్ముడా. డాక్టరమ్మ ఇచ్చింది. పొగ మీదకి మనసెళ్లినప్పుడు ఒకటి నమిలి బుగ్గన ఎట్టుకోమంది," అంటూ చెంగుముడి విప్పి బంకబిళ్లల అట్ట చూపించింది.

తవిటయ్య దాన్ని దీపం దగ్గర పెట్టుకుని కూడబలుక్కుని చదివాడు. ఒక మాట దగ్గర అతని వేలు ఆగిపోయింది.

"నికోటిన్! ఇదీ పొగాకులోదే కదప్పా!"

"అదేనంటరా. మనిషిని లాగే గుణం అదంట. పొగా నిప్పూ లేకుండా ఆ ముక్కొకటీ కొంచెం కొంచెం ఇచ్చి, మెల్లగా తగ్గించీమంది. మా మేనల్లుడు ఓడ మీద పన్జేత్తాడు కదా, కరెంటు చుట్ట తెచ్చిత్తానన్నాడు. ఆవిరే గానీ కాలడం ఉండదంట. డాక్టరమ్మకి చెప్తే వద్దంది. మన దేశంలో దాన్ని నిషేధించినారంట, దాని మంచిసెడ్డల మీద పెద్ద డాక్టర్లకే ఇంకా తగువు తెగలేదంట. ముందు నీ నోట్లో నిప్పు తియ్యి, అదే పదివేలు అంది."

"కరెంటు చుట్టయినా, బంకయినా, అన్నీ చుట్టకి చుట్టాలే," అన్నాడు తవిటయ్య. వెనక వరసలో ఎవరో నవ్వారు. దాంతో అతని గొంతు ఇంకాస్త లేచింది. "వొగ్గీడమంటే వొగ్గీడమే. ఓ చేత్తో ఇసిరేసి ఇంకో చేత్తో పట్టుకుంటే వొగ్గీసినట్టా? నాను బీడీ వొగ్గీసిన్నాడు నాకేటైనా బంక ఇచ్చినారా? ఇదీ ధునిలో వెయ్యి. లేదంటే లేచెళ్లి తలుపు కాడ కూకో."

ఎర్రమ్మ గురుబాబు వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు.

"నీకున్నంత గుండె నాకు లేదురా తమ్ముడా," అందామె. అట్టని అతని చేతిలోనే వదిలేసి, తాళాలు చప్పుడవకుండా చాప మీద పెట్టి, దిబ్బ దిగి వెళ్లిపోయింది. ఆ రోజు భజన చప్పగా సాగి తొందరగా ముగిసిపోయింది.

కొన్నాళ్లకి తవిటయ్య చేపల రేవు వైపు వెళ్తే పడవ నీడన ఎర్రమ్మ కనిపించింది. పెదాలు మూసి ఉన్నాయి, వాటి సందుల్లోంచి పొగ వస్తోంది. ఇతన్ని చూసి గబుక్కున చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తవిటయ్యకి గుండెలో కలుక్కుమంది. దాన్ని అణుచుకోవడానికి కోపం తెచ్చుకున్నాడు. ఆ కోపం చల్లారకుండానే మఠానికి చేరాడు.

"చూసినారా బాబూ! ఎర్రమ్మప్ప మళ్లీ మొదలెట్టీసింది. నాను ఆ రోజే చెప్పినాను. సగం సగం వొగ్గీసినోళ్ల గతి ఇంతే."

గురుబాబు వత్తులు చేసుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నీ ఊదుగొట్టం ఓసారి ఇలా తే."

తవిటయ్య వంటపాకలోకి వెళ్లి పొయ్యి పక్కనున్న వెదురు గొట్టం తెచ్చి ఇచ్చాడు. అది గురుబాబు కోసి ఇచ్చిందే. బీడీకట్ట ధునిలో వేసిన మర్నాడు పొద్దున్నే ఆయన వెదురు పొదలోకి వెళ్లి, ఒక కణుపు కోసి, నున్నగా చెక్కి, "పొయ్యి నువ్వు చూసుకో," అని చేతిలో పెట్టాడు. అప్పటినుంచీ అది తవిటయ్యదే. తర్వాత్తర్వాత ఎవరో భక్తులు గ్యాస్ పొయ్యి ఇచ్చినా, దాని మీద గోనెసంచి కప్పి పక్కన పెట్టేశాడు. గ్యాసు మీద కాచిన గంజి గంజిలా ఉండదని అతని వాదన. అందరూ నవ్వేవారు గానీ వండేవాడిని ఎవరేమంటారు?

గురుబాబు ఆ గొట్టాన్ని తన ఆసనం కింద పెట్టుకున్నాడు.

"ఇవాళ గ్యాసు మీద వండు," అని మళ్లీ వత్తుల్లో పడ్డాడు.

గ్యాసు మీద గంజి ఇట్టే కాగింది. ఊదాల్సిన పనిలేదు, కళ్లు మండలేదు. తవిటయ్య చెయ్యి మాత్రం ఊరికే ఉండలేకపోయింది. పొయ్యి పక్క మూలకి వెళ్లి వెతికేది, అక్కడేమీ దొరక్క వెనక్కి వచ్చేది. పెరట్లోకి వెళ్లి ఒక సరుగుడు పుల్ల విరిచి నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి అది నలిగిపోతే ఇంకోటి విరిచాడు. గంజికి వచ్చిన ముసలాయన మరికాస్త పొయ్యమంటే కసిరాడు. ఆ ముసలాయన బిత్తరపోయి చూశాడు. తవిటయ్యకే సిగ్గేసింది. మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే నిద్ర పట్టలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు. నుదురు ముట్టుకుంటే చల్లగానే ఉంది.

పొద్దు వాలుతుంటే ఇక ఉండబట్టలేక గురుబాబు దగ్గరికి వెళ్లాడు.

"బాబూ, ఆ గొట్టాం ఇచ్చీయండి."

"గ్యాసు వెలగలేదా?"

"వెలిగింది."

"గంజి బాగోలేదా?"

"బాగానే ఉంది."

గురుబాబు ఆసనం కింద నుంచి గొట్టం తీశాడు. నల్లగా మాడిన కొసని తన చేత్తో పట్టుకుని, రెండో కొసని తవిటయ్య వైపు చాచాడు. ధుని వెలుతురు సరిగ్గా దాని మీద పడుతోంది.

తవిటయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్లుగా రోజూ నోటికి ఆనించుకునే కొసని అతను ఒక్కసారీ కళ్లతో చూసింది లేదు. వెదురు చుట్టూ గాట్లు. ఒకదాని మీద ఒకటి, కొన్ని పాతబడి నునుపెక్కినవి, కొన్ని నిన్నటివి. ఊదడానికి పెదాలు చాలు.

"ఊదమని ఇచ్చాన్రా," అన్నాడు గురుబాబు. "కొరుకుతున్నావేమని ఏనాడైనా అడిగానా?"

తవిటయ్య గొట్టం అందుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వంటపాకలోకి వెళ్లి బియ్యం డబ్బా వెనక దాచిన మందుబంక అట్ట తీసుకుని, గొట్టం బొడ్లో దోపుకుని, దిబ్బ దిగాడు.

ఎర్రమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. అతన్ని చూసి చెంగు నోటి మీదకి లాక్కుంది. తవిటయ్య ఆమె ముందు ఇసకలో కూలబడ్డాడు. ఏం చెప్పాలో తెలియక గొట్టం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. కొస దగ్గర వేళ్లతో తడిమింది.

"దీన్నెవలు కొరికేసినార్రా తమ్ముడా? ఎలకా?"

"నానేనప్పా."

ఎర్రమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత చెంగు పక్కకి తీసి, నోట్లోంచి చుట్ట తీసి, నిప్పు ఆరేదాకా తడి ఇసకలో నులిమింది. తవిటయ్య అట్ట చింపి ఒక బంక ఆమె అరచేతిలో పెట్టాడు.

"తలుపు కాడ కూకోవాలా?" అంది.

"నీ తాళాలు ముందు వరసలో ఉన్నాయప్పా," అన్నాడు తవిటయ్య.

ఆ సాయంత్రం తత్వం ఎర్రమ్మే ఎత్తుకుంది. బుగ్గన బంక ఉండటంతో మొదటి చరణం కాస్త ముద్దగా వచ్చింది. వెనక వరసలో ఎవరో నవ్వబోయి తవిటయ్య చూపు తగిలి ఊరుకున్నారు. గురుబాబు కళ్లు మూసుకుని విన్నాడు. తవిటయ్య లేచి వెళ్లి తలుపు దగ్గర కూర్చున్నాడు.