చేతులు విడదీసే మందు

1961 జనవరి 9, సోమవారం. తెల్లవారింది మొదలు మంచు. పదింటికి గానీ ఎండ రాలేదు. ఆ వేళ ఒక నూనెబావి యజమాని గొట్టంలో ముడినూనె నెమ్మదించింది.

ముడినూనెలో మైనం ఉంటుంది. వేడిగా ఉన్నంతసేపూ దాని రేణువులు దేని దారిన అవి పోతాయి. చలి తగిలితే ఒకదాని చేయి ఒకటి పట్టుకుంటాయి. అప్పుడు నూనె పేరుకుంటుంది. చలికాలం కాలేజీ హాస్టల్లో కొబ్బరినూనె సీసాలు ఎండలో పెట్టేవాళ్ళం, ఒకడి సీసా ఇంకొకడు ఎత్తుకుపోయేవాడు. అది వేరే సంగతి. ఈ గొట్టం భూమిలో లోతున ఉంది. అక్కడికి ఏ ఎండా పోదు. ఒకసారి పేరుకుంటే యజమానికి ఉన్నదంతా పోయినట్టే.

అందుకే బావి దగ్గర ఒక ముసలామె ఉండేది. నూనె వేడిగా ఉండగానే ట్యాంకు నూనెకు ఒక చెంబు చొప్పున మందు పోసేది. ఆ పొద్దున యజమాని ఆమె చేతిలోని చెంబు పట్టుకుని ఆపాడు.

"ఇది నూనెను పల్చన చేస్తుందా అవ్వా?"

"లేదయ్యా."

"వేడి చేస్తుందా?"

"అదీ లేదు. రేణువుల మధ్య దూరి చేతులు కలవనివ్వదు. అంతే."

"కాపురాలు చెడగొట్టే మందన్నమాట!" యజమాని నవ్వాడు. అంతలోనే తికమకపడ్డాడు. "కలిసి ఉండమని నా ముగ్గురు పిల్లలకూ ఉగ్గుపాలతో నేర్పాను. నా గొట్టంలోనే ఈ విడదీతేమిటి?"

"పిల్లల సంగతి నాకు తెలియదు. నూనె చల్లారకముందే పోయాలి."

"ఇవాళ వద్దు. ఆగిపోతే అప్పుడు పోద్దువుగాని."

సాయంత్రానికి రేణువులన్నీ చేతులు పట్టుకున్నాయి. ఎంత ఐకమత్యం! గొట్టం చేరే అవతలి ఊళ్ళో పొయ్యిలు ఆరిపోయాయి. యజమాని పరుగున వచ్చి, చెంబు కాదు, పీపా మొత్తం కుమ్మరించాడు. మందు గడ్డకట్టిన నూనె పైనే నిలిచిపోయింది.

"ఇప్పుడెందుకు పనిచెయ్యదు అవ్వా?"

"చేతులు పట్టుకున్నాక మధ్యలోకి ఎవరిని రానిస్తారయ్యా?"

యజమానికి అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఆ వేసవిలో పోయాడు.

పెద్దకొడుక్కి బావి వచ్చింది. కూతురికి గొట్టం. చిన్నకొడుక్కి అవతలి ఊళ్ళో ఖాళీ ట్యాంకు. ఎవరి వాటా దగ్గరికి వాళ్ళు వెళ్ళాలంటే చేతులు వదలాలి. తండ్రి మాట గుర్తొచ్చి ముగ్గురూ వాకిట్లో చేతులు పట్టుకుని నిలబడ్డారు.

ముసలామె ఖాళీ చెంబుతో వచ్చి, "కాస్త దారి ఇవ్వండి నాయనా," అంది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చేతులు వదలలేదు. ఆమె చెంబు అక్కడే దించి, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. ఆమె వాటాకు ఏమీ రాలేదు.