పదేళ్ళు తగ్గిన పెళ్ళికొడుకు

ముంతవలసలో గవర్రాజు ఇంటివాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అన్నారు. వాళ్ళ తెలివి సంగతి వాళ్ళకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బిడ్డ పుట్టగానే దూలానికి ఒక గోగునార తాడు వేలాడదీస్తారు. ప్రతి ఉగాదికీ దానికి ఒక ముడి వేస్తారు. వయసు తెలియాలంటే ముడులు లెక్కపెట్టుకోవడమే.

"మిగతావాళ్ళు వయసు నోటితో చెప్తారు. నోరు మరిచిపోతుంది, అబద్ధమూ ఆడుతుంది. తాడు ఆడదు," అనేవాడు గవర్రాజు. ఒక ఉగాదికి ఇంటిల్లిపాదికీ జ్వరాలు వచ్చి ముడులు వెయ్యలేదు. ఆ ఏడాది తమకెవరికీ వయసే పెరగలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

గవర్రాజు కూతురు నూకరత్నం. ఆమె తాడుకి ఇరవై రెండు ముడులు. ఒకనాడు పొద్దున్నే, "నాన్నా, నేను పైడిరాజుని చేసుకుంటాను," అంది.

పైడిరాజు సంతలో గొడుగులు బాగుచేస్తాడు. నలభై రెండేళ్ళవాడు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేస్తూ చేస్తూ తన పెళ్ళి మాట మరిచిపోయాడు. రెండేళ్ళ కిందట రత్నం గొడుగు ఊచ విరిగితే కట్టి ఇచ్చాడు. ఆ తరవాత రత్నం గొడుగు ప్రతి సంతకీ విరిగేది. వాన లేని నెలల్లో కూడా.

గవర్రాజు చుట్ట పక్కన పెట్టాడు. "నాకూ వాడికీ నాలుగేళ్ళే తేడా. దీనికీ వాడికీ ఇరవై. ఇన్నాళ్ళూ నన్ను అన్నా అన్నవాడు రేపు మావా అంటే ఎవరు పలుకుతారు?"

"నువ్వే పలకాలి. ఇంట్లో ఇంకో మగాడెవడున్నాడు?" అంది అతని పెళ్ళాం అచ్చియ్యమ్మ.

"అతను నా మాట చివరిదాకా వింటాడు నాన్నా. ఈ ఇంట్లో ఎవరైనా విన్నారా?"

"ఏమన్నావే?" అన్నాడు గవర్రాజు.

"అతన్నే చేసుకుంటాను, లేదంటే ఈ జన్మకి పెళ్ళే వద్దంటున్నాను. తిండి కూడా మానేస్తాను."

"ఏ పూట నుంచో ముందే చెప్పవే, బియ్యం తగ్గించి పోస్తాను," అంది అచ్చియ్యమ్మ.

పిల్ల నిజంగానే రెండు పూటలు తినలేదు. కళ్ళు వాచిపోయాయి. మొగుడూ పెళ్ళాం భయపడి పంతులుగారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన పంచాంగం మూసి, "తేడా లేని సంసారం ఏది గవర్రాజూ? ఇద్దరూ చెరి సగం సర్దుకుంటే సరిపోతుంది," అన్నాడు.

అంతే. ఇద్దరూ పొంగిపోయారు. తేడా ఇరవై. చెరి సగమంటే పది. పైడిరాజు తాడుకి పది ముడులు విప్పి, రత్నం తాడుకి పది ముడులు వేస్తే ఇద్దరికీ ముప్ఫై రెండు.

పైడిరాజుని పిలిపించారు. తీరా చూస్తే అతనికి తాడే లేదు.

"తాడు లేకపోతే ఇంకా పుట్టనట్టే కదయ్యా. పుట్టనివాడికి పిల్లనెలా ఇస్తాం?" అంది అచ్చియ్యమ్మ.

పైడిరాజు సిగ్గుపడ్డాడు. "నాకు తెలియక తిరుగుతున్నాను," అన్నాడు.

అప్పటికప్పుడు నార పేని తాడు చేశారు. నలభై రెండు ముడులు వేసి, కొస నుంచి పది విప్పారు. ఇంకేముంది, అక్కడే చిక్కొచ్చింది. అతను సైకిలు కొని ఆరేళ్ళు. పదేళ్ళు విప్పేశాక ఆ సైకిలు ఇంకా కొననట్టే. పాపం లేచి వెళ్ళి దాన్ని వాకిట్లోంచి వీధిలోకి నెట్టేసి, మళ్ళీ నడిచి లోపలికొచ్చాడు. రత్నం పరిచయమైంది రెండేళ్ళ కిందటే. ఆ ముడీ విప్పేశారు.

"ఈ అమ్మాయి ఎవరండీ?" అన్నాడు పైడిరాజు మర్యాదగా.

"నూకరత్నం. గొడుగు విరిగింది," అంది రత్నం.

"ఇలా ఇవ్వండి," అన్నాడు. మళ్ళీ పరిచయమైంది.

"మరి నీకు పదేళ్ళు కలిశాయి కదే. ఆ పదేళ్ళూ ఏం చేశావు?" అని అడిగింది తల్లి.

"ఇతని కోసం చూస్తూ కూర్చున్నాను."

అచ్చియ్యమ్మకి కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడుచుకుంటూ తన తాడు వైపు చూసి కెవ్వుమంది. "ఏమయ్యా, నాకు నలభై. పిల్లకి ముప్ఫై రెండు. అంటే దీన్ని ఎనిమిదో ఏట కన్నానా?"

ఎనిమిదేళ్ళ పిల్ల బిడ్డని కంటే ఊరు ఏమంటుంది? అంతే, అచ్చియ్యమ్మకి పది ముడులు వేశారు. ఆమెకి యాభై అయ్యాయి. గవర్రాజుకి నలభై ఆరు. పెళ్ళాం కంటే చిన్నవాడైపోయాడు. "ఇక నుంచి నన్ను అక్కా అను," అంది అచ్చియ్యమ్మ. అతను ఉడుక్కుని తనకీ పది వేసుకున్నాడు. యాభై ఆరు. అతని తల్లి నీలాలమ్మకి అరవై అయిదు. ఈ లెక్కన తొమ్మిదో ఏట కన్నది. ముసలిదాని తాడుకీ పది వేశారు. డెబ్బై అయిదు.

అప్పుడు గుర్తొచ్చింది. నీలాలమ్మకి చిన్నప్పుడు సోదెమ్మ చెప్పింది, డెబ్బై ఏళ్ళు బతుకుతావని.

ఇంకేముంది. నీలాలమ్మ పోయి అయిదేళ్ళయింది.

ఆమె అరుగు మీద కూర్చుని చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటోంది.

"అత్తా, నువ్వు పోయావు," అంది అచ్చియ్యమ్మ ఏడుస్తూ.

"అయ్యో, ఎప్పుడే?"

"అయిదేళ్ళయింది."

"నాకెవరూ కబురు చెయ్యలేదే," అని నీలాలమ్మ కూడా ఏడ్చింది. "మంచిదే, పాపం," అంది తన గురించి.

గవర్రాజు గుండెలు బాదుకున్నాడు. "పెళ్ళి మాట ఎత్తారో లేదో ఇంట్లో పెద్దదిక్కు పోయింది. అయిదు తద్దినాలు ఎగ్గొట్టిన పాపిని నేను. ఈ సంబంధం అచ్చిరాదు. పైడిరాజూ, ఇంక వెళ్ళు."

పైడిరాజు తల దించుకుని లేచాడు. రత్నం గడప దగ్గర కూలబడింది. ఇంత దగ్గరికొచ్చి జారిపోయింది.

మర్నాడు అయిదు తద్దినాలూ కలిపి పెట్టారు. గారెలు, బూరెలు, పరమాన్నం. అయిదు విస్తళ్ళు పెరటి గోడ మీద పెట్టి కాకిని పిలిచారు. కాకి రాలేదు. ఎలా వస్తుంది? తన తద్దినం ఎలా పెడుతున్నారో చూద్దామని నీలాలమ్మే చేతికర్ర పట్టుకుని గోడ పక్కన నిలబడింది. కాకి వాలబోతే కర్రతో అదిలించేది.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలినట్టే. గవర్రాజు ఆకాశం వైపు చేతులు జోడించాడు. "అమ్మా, నీకేం కోరిక మిగిలిపోయిందో చెప్పు. ఏదైనా తీరుస్తాను."

"అటు కాదురా, ఇటు," అంది నీలాలమ్మ పక్క నుంచి. "నా మనవరాలి మెడలో పైడిరాజు తాళి కట్టాలి. అది కళ్ళారా చూడందే నేను పోను."

పోయినవాళ్ళ కోరిక కాదనకూడదు. గవర్రాజు ఆలోచించి వేళ్ళు మడిచాడు. తనకి యాభై ఆరు, పైడిరాజుకి ముప్ఫై రెండు. "ఇరవై నాలుగేళ్ళ చిన్నవాడు నన్ను అన్నా అనడమేమిటి? మావా అనమను, పలుకుతాను," అన్నాడు. నీలాలమ్మ కర్ర దించింది. కాకి వాలింది. రత్నం ఆ వేళ మూడు పూటల అన్నం ఒక్కసారే తింది.

పెళ్ళి రోజు వచ్చింది. బాజా మోగింది. పైడిరాజు తాళి పట్టుకుని నిలబడ్డాడు. పంతులుగారు, "మూడు ముళ్ళు వెయ్యి నాయనా," అన్నాడు. పైడిరాజు ఒక ముడి వేశాడు, రెండు, మూడు. పక్కనే గవర్రాజు వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు.

"ఆపండి," అని అరిచాడు. "పిల్లకి ముప్ఫై అయిదు వచ్చేశాయి. అల్లుడు ముప్ఫై రెండులోనే ఉండిపోయాడు."

పంతులుగారు తల పట్టుకున్నాడు. రత్నం మెల్లగా, "ఇప్పుడు నేనే పెద్దదాన్ని. చెప్పినట్టు వినాలి," అంది.

"ఎప్పుడు వినలేదు?" అన్నాడు పైడిరాజు.

అంతే. దూలం మీది తాళ్ళన్నీ పందిట్లోకి వచ్చేశాయి. అల్లుడికి మూడు ముడులు, తల్లికి మూడు, తండ్రికి మూడు. చివరికి నీలాలమ్మ తాడుకీ మూడు వేశారు. డెబ్బై ఎనిమిది.

ముసలిది వేళ్ళు మడిచి చూసుకుంది.

"అచ్చియ్యమ్మా, ఇంకో మూడు తద్దినాలు పడ్డాయే. వెళ్ళి మినప్పప్పు నానబెట్టు. ఈసారి గారెల్లో ఉప్పు తగ్గించు. మొన్న నా ఆత్మకి ఒకటే దాహం."