మామిడి మొద్దు, నాంచారమ్మ గునపం

కోటలకు కొయ్య తలుపులే కాపలా కాసిన ఆ పాతరోజుల్లో, అనగనగా వేగవరం అనే ఊళ్లో మౌనాచారి అనే వడ్రంగి ఉండేవాడు. ఆయన ఉలి పడితే కొయ్యలో చిలుకలు రెక్కలు విప్పేవి. ఆ సంగతి ఊరికి తెలుసు. ఆయనకు మరీ బాగా తెలుసు.

ఒకనాడు రాజుగారు కబురంపి, కోట సింహద్వారానికి తలుపులు చెక్కమన్నారు. మౌనాచారి పెరట్లోని మామిడిచెట్టు కొట్టించాడు. దాని మానునే నడిమి స్తంభంగా, నిట్రాడగా పాతి పెద్ద పాక వేశాడు. చెట్టు మొద్దు మాత్రం పాక పక్కనే ఉండిపోయింది. ఆ పాకలో ఆయన మూడేళ్లు చెక్కాడు.

మూడో ఏట నాంచారమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. ఆమె తండ్రి అడవి అంచు పల్లెలో బండిచక్రాలు చేసే పేదవాడు. తండ్రి పక్కన కూర్చుని కూర్చుని, వాసన చూసి ఇది ఏ కొయ్యో చెప్పగలిగేది నాంచారమ్మ.

ఒక ఉదయం కళ్లాపి చల్లుతూ ఉంటే, మొద్దు మీద సన్నని మట్టిచార ఒకటి కనబడింది. గోటితో గీరితే లోపల తెల్లని పురుగులు బిలబిలమన్నాయి.

"మామయ్యగారూ, మొద్దుకు చెద పట్టింది. తవ్వించేద్దామండీ" అంది.

"తిననీ అమ్మాయీ. మనకు తవ్వే శ్రమ తప్పుతుంది!" అని నవ్వాడు మౌనాచారి.

తొలకరి పడింది. ఆ సాయంత్రం మొద్దులోంచి రెక్కలొచ్చిన చెదలు, ఉసిళ్లు, పొగలా లేచాయి. పిల్లలు కేరింతలు కొట్టారు, కోళ్లు పండగ చేసుకున్నాయి. నాంచారమ్మ మాత్రం మామగారి దగ్గరికి పరుగెత్తింది.

"ఇన్ని ఉసిళ్లు లేచాయంటే కింద పెద్ద పుట్టే ఉంది మామయ్యగారూ."

"నా తలుపులు చేవదేరిన టేకువి. చెద పళ్లు విరుగుతాయి!"

"తలుపులు టేకువేనండీ. పాకను మోసే నిట్రాడ మామిడిది కదా?"

మౌనాచారి కనుబొమలు ముడిపడ్డాయి. "చక్రాలు చేసే ఇంటి పిల్ల నాకు కొయ్య సంగతి నేర్పుతుందా?"

నాంచారమ్మ తల దించలేదు. 'మా నాన్న చేసిన చక్రం ఏ బండి కిందా విరగలేదు' అనుకుంది.

వారం తర్వాత మౌనాచారీ, ఆయన కొడుకూ ద్వారం కొలతలు సరిచూడటానికి కోటకు వెళ్లారు. ఆమె పాకలోకి వెళ్లి నిట్రాడను వేలితో తట్టింది. డొబ్ డొబ్ మంది. లోపల అంతా డొల్ల! గట్టిగా గాలి వీస్తే పాక కూలుతుంది. దాని కిందే మూడేళ్ల పని.

ఇక ఎవరికీ చెప్పలేదు. కొంగు బిగించి గునపం పట్టింది.

అత్తగారు కామాక్షమ్మ పరుగున వచ్చింది. "మీ మామగారు వస్తే ఏమంటారే?"

"అనేవి నేను పడతాను అత్తయ్యా. ముందు తలుపులు ఇంట్లోకి చేర్చాలి. నలుగురిని కేకెయ్యండి."

తలుపులు ఇంట్లోకి చేరాయి. ఆపైన మూడు రోజులు తవ్వింది. మొదటి రోజు వేళ్లు నరికింది. గోడ మీదినుంచి చూసినవాళ్లు, "ఆచారిగారి కోడలు మొద్దుతో యుద్ధం చేస్తోంది" అని నవ్వారు. రెండో రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజు నడుము లోతున చెదల రాణి దొరికింది, బొటనవేలంత లావున. పుట్ట నుంచి మట్టిదారి ఒకటి నిట్రాడకు పోయింది. ఇంకొకటి ఇంటి గోడకు జానెడు దూరం దాకా వచ్చేసింది! ఆ దారులను తెగ్గొట్టి, పుట్ట నిండా సున్నపు నీళ్లు పోసింది. మొద్దు ముక్కలను ఊరి బయట తగలబెట్టించింది.

ఆ మధ్యాహ్నమే సుడిగాలి లేచింది. నిట్రాడ ఫెళ్లున విరిగి పాక కుప్పకూలింది.

అప్పుడే ఇల్లు చేరిన మౌనాచారి ఆ శిథిలం చూసి నేల మీద కూలబడ్డాడు. "నా మూడేళ్లు!" అని భోరున ఏడ్చాడు.

"లేవండి మామయ్యగారూ" అని నాంచారమ్మ ఆయనను ఇంట్లోకి తీసుకెళ్లింది. నడవలో తలుపులు నిలబడి ఉన్నాయి. ఒక్క చిలుక ముక్కు కూడా చెదరలేదు.

ఆయన తలుపులను తడిమాడు. బయటికొచ్చి విరిగిన నిట్రాడను నొక్కాడు. అది పిండిలా రాలింది. కోడలి అరచేతుల వంక చాలాసేపు చూశాడు. "నీ మాట వినలేదు తల్లీ. తప్పు నాది" అన్నాడు.

తలుపులు ఎక్కించిన రోజున రాజుగారు మురిసిపోయి, మౌనాచారి చేతికి బంగారు కడియం తొడగబోయారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ప్రభూ, చెక్కింది నేను. నిలబెట్టింది నా కోడలు నాంచారమ్మ. ఆ కడియం ఆమెది."

నిండు సభలో నాంచారమ్మ ముందుకు వచ్చి చెయ్యి చాచింది. అరచేతి బొబ్బలు ఇంకా మానలేదు. వాటిని ఆమె దాచుకోలేదు. నాటినుంచి ఆ సీమలో కొత్త ఇల్లు కట్టేవారు ముందు ఆమెను పిలిచి, చోటు చూపించి, ఆ తర్వాతే పునాది తీసేవారు.

పిల్లలూ, విన్నారుగా! ఆపద పెరట్లో ఉండగానే వేరుతో సహా పెకలించాలి. హెచ్చరించేవారి పుట్టిల్లు కాదు, హెచ్చరికలోని నిజం చూడాలి.