మజ్జిగ పోలమ్మ ముందే చెప్పిన తీర్పులు

కంకణపురి అనే ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. లంచగొండుల విచారణంతా స్వయంగా తానే చేసేవాడు. చేశాక, "నా తీర్పు తూచినట్టుంటుంది. కాదనేవాడున్నాడా?" అని మీసం దువ్వేవాడు. సభ యావత్తూ "లేడు, లేడు" అనేది.

ఆ ఆస్థానంలో మాచన అనే చమత్కారి ఉండేవాడు. ఊళ్లో జనం ఆ తీర్పుల్ని తలచుకుని నవ్వుకోవడం అతను విన్నాడు. రాజు ముఖాన చెబితే తల దక్కదు. చెప్పకుంటే మనసూరుకోదు.

ఒకనాడు చేతులు కట్టుకుని, "ప్రభూ, కోటగుమ్మంలో మజ్జిగమ్మే పోలమ్మ, విచారణ మొదలవకముందే తమ తీర్పు చెప్పేస్తోంది" అన్నాడు.

"అసంభవం! సాక్షుల్ని వినేదాకా నాకే తెలియదే! సరే, పరీక్షిద్దాం. దాని మాట తప్పిందో, నీకు దేశబహిష్కారమే."

 మాచన సరేనని తలూపాడు.

ఆనాడు ఇద్దరి విచారణ. పోలమ్మ చెప్పింది చెప్పినట్టు మాచన తాటాకు మీద రాసి, ముద్రవేసి సింహాసనం పక్కన పెట్టాడు.

మొదటివాడు సంత కావలివాడు గవరయ్య. గుమ్మడికాయ పుచ్చుకుని ఒక బండిని వరుస తప్పించి లోపలికి వదిలాడట. రాజు ఆరునెలలు చెర వేశాడు.

రెండోవాడు ధాన్యాగారాధికారి రాచమల్లు. కరువుకని దాచిన గింజల్ని బళ్లకొద్దీ వర్తకులకు తరలించి, గుర్రాలూ పట్టుశాలువలూ పుచ్చుకున్నాడట. "సాక్ష్యం చాలదు" అని రాజు వదిలేశాడు.

తాటాకు విప్పారు. రెండు తీర్పులూ పొల్లుపోకుండా సరిపోయాయి.

రాజు తెల్లబోయాడు. పోలమ్మను పిలిపించి, "ఏమే, నీకు జ్యోతిషం వచ్చా?" అన్నాడు.

"నాకేం వచ్చు దొరా! గుమ్మంలో కూచుని చూస్తాను. నడిచొచ్చినోడు చెరకు పోతాడు, పల్లకీలో వచ్చినోడు ఇంటికి పోతాడు. మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు."

రాజు కళ్లెర్రజేసి మాచన వైపు తిరిగాడు. "అయితే రేపట్నుంచి అందర్నీ నడిచి రమ్మంటావా?"

"వద్దు ప్రభూ. పోలమ్మ జోస్యం తప్పిస్తే చాలు. ఆ శక్తి ఈ రాజ్యంలో తమ ఒక్కరికే ఉంది."

రాజు పెదవి బిగించాడు. చివరికి ఆపుకోలేక పగలబడి నవ్వాడు. "దొరికిపోయానురా మాచనా!"

పల్లకీ ఎక్కబోతున్న రాచమల్లును వెనక్కి పిలిపించాడు. బండివాళ్లనూ వర్తకులనూ పిలిచి, ఈసారి చివరిదాకా విన్నాడు. మూడోనాటికి నేరం రుజువై రాచమల్లు చెరకు పోయాడు. గవరయ్య వారం శిక్షతో బయటపడ్డాడు.

రాజు తన చేతి కడియం తీసి మాచనకు తొడిగాడు. పోలమ్మకు పాడిగేదెనిచ్చాడు.

"నా జోస్యం తప్పింది కదా దొరా, నాకెందుకు?" అందామె.

"తప్పినందుకే!" అన్నాడు రాజు.