నూకాలు టముకు దెబ్బ

అనగనగా ఒక ఊళ్ళో, మూడు లోకాల్లోనూ లేనంత గొప్ప గొంతు ఒకటి ఉండేదిట! ఆ మాట అన్నది మూడు లోకాలూ కాదులే బంగారూ, ఆ గొంతుగల గవరయ్యే.

గవరయ్య ఊళ్ళో చాటింపు వేసేవాడు. ఆయన కబురు చెబుతుంటే, పెళ్ళాం నూకాలు టముకు కొట్టేది. మాట పూర్తయితే ఒక దెబ్బ, డుం. ఏదైనా అడిగితే రెండు, డుం డుం. ఆశ్చర్యమైతే గబగబా వాయింపు. కబురంతా అయిపోయాక ఒక పెద్ద దెబ్బ. అది పడేదాకా ఎవరూ కదలకూడదని ఆ ఊరి కట్టుబాటు.

ఒకరోజు పిల్లలు "డుం పిన్నొచ్చింది!" అని నూకాలు వెనకే గెంతారు. గవరయ్య మూతి ముడిచాడు. ఆ తర్వాత కొట్టు సూరమ్మ బెల్లం ముక్క నూకాలు చేతిలోనే పెట్టింది. గవరయ్య పళ్ళు నూరాడు. ఆ తర్వాత మునసబుగారు, "దెబ్బంటే నూకాలుదేనయ్యా!" అన్నారు. అప్పుడిక గవరయ్య కడుపు పులుసు కుండలా కుతకుతలాడింది.

"ఏమే, మాట నాదీ, మెప్పు నీదీనా? రేపట్నించి ఇంట్లో కూర్చో!"

"నేను లేకపోతే ఎక్కడ ఆగుతావు మామా?"

"నా నోరు నాకు తెలీదేంటే!"

మర్నాడు కాలవకి నీళ్ళు వదులుతున్నారని కబురొచ్చింది. ఎండిపోయిన ఆ కాలవలోనే ఊరంతా ఏడాదికి సరిపడా మిరపకాయలు ఆరబోసుకున్నారు.

గవరయ్య ఒక్కడే బయల్దేరి, "కాలవకి నీళ్ళొస్తున్నాయి మిరపకాయలు ఎత్తుకోండి" అని అరిచాడు. జనం కదల్లేదు. దెబ్బ పడలేదుగా, కబురింకా ఉందనుకున్నారు.

అందరూ తన నోటికేసే చూస్తుంటే గవరయ్యకి ఆగడం చేతకాలేదు. అప్పుడు, "తట్టలు పట్టుకెళ్ళండి గోనెలు పట్టుకెళ్ళండి" అన్నాడు. కదల్లేదు. ఆ తర్వాత తన మేనత్త పెళ్ళి సంగతి చెప్పాడు. కదల్లేదు. ఆ తర్వాత ఇంకేం తోచక, నిన్న తిన్న వంకాయ కూర సంగతెత్తుకున్నాడు. మొహం కందిపోయింది, ఊపిరి అందలేదు, అయినా నోరు మాత్రం ఆగలేదు.

ఊరి చివర ఇంట్లో ఉన్న నూకాలుకి, ఎగువ నుంచి నీళ్ళ హోరు వినిపించింది. "అయ్యో, మిరపకాయలు!" అనుకుంటూ టముకు చంకన పెట్టుకుని ఒకటే పరుగు.

డుం!

ఆ పెద్ద దెబ్బతో జనం తట్టలు తీసుకుని ఉరికారు. ఆఖరి తట్ట గట్టెక్కిందో లేదో, నీళ్ళు బుసలు కొడుతూ వచ్చేశాయి.

ఊరంతా మళ్ళీ నూకాలునే మెచ్చుకుంది. గవరయ్య కడుపు మళ్ళీ కుతకుతమంది. కానీ నూకాలు ముందుగా ఆయనకే మంచినీళ్ళ చెంబు అందించింది.

"ఏం మామా, నీ నోరు నీకు తెలుసన్నావు?"

గవరయ్య అటూ ఇటూ చూసి, చెవి గోక్కుని, గొణిగాడు.

"ఒసే, ఎవరితోనూ అనకే. ఎక్కడ ఆపాలో నాకు ఏనాడూ తెలీదే. నీ దెబ్బ పడ్డప్పుడల్లా నోరు మూసుకుని, ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అంతే."

టముకు చిలక్కొయ్యకి,
కథ కంచికి,
నువ్వు నిద్రకి,
నేను నీ పక్కకి.
డుం!